పూర్వపక్షి సుఖదుఃఖములు

మన దర్శనగ్రంథములలో నాస్తికునకు నియతమైన స్థానమొకటి కలదు. అది పూర్వపక్షస్థానము. సిద్ధాంతి తన మతమును నిలుపుకొనుటకు ముందు ఎదుటివాని మాటను తానే చెప్పి, తానే ఖండించును. ఎదుటివాడు వాదించును, ఓడిపోవును, వెడలిపోవును. అతనికి ఇల్లు వాకిలి ఉన్నవా, బిడ్డలు పుట్టి పోయిరా, వార్ధక్యమున అతడెట్లు కాలము గడపెను అను ప్రశ్నలు శాస్త్రమునకు అక్కరలేదు. ఇది సహజమే. కాని మన కావ్యములు సైతము అతనిని అట్లే చూచినవా, లేక ఎచ్చటనైనను వాదమును దాటి మనిషిని చూచినవా అన్నది ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచిన విషయము.

దైవమును నమ్మనివాడు సుఖముగా నుండగలడా యన్న ప్రశ్నకు తర్కము బదులు చెప్పజాలదు. దేవుడున్నాడా లేడా యన్నది తర్కమునకు విషయము కావచ్చును. లేడని నిశ్చయించుకొన్నవాడు బిడ్డను పోగొట్టుకొని మరునాటి ఉదయమున ఏమి చేసెనన్నది చరిత్రకును, కావ్యమునకును విషయము. లోకాయతమును గూర్చి నేటివరకు వెలువడిన పరిశోధనలలో లుప్తసూత్రములను ఏరికూర్చుటకు జరిగిన శ్రమ గొప్పది. ఆ సూత్రములను నమ్మినవాని కంటితడిని గూర్చి అడిగినవారు అరుదు.

విశ్వాసమనగా ఇచ్చట మేము గ్రహించు అర్థమును ముందుగా చెప్పుట మేలు. మతము మనిషికి మూడు ఊతలను ఇచ్చుచున్నది. దుఃఖము కలిగినపుడు మొరపెట్టుకొనుటకు ఈశ్వరుడు. అన్యాయము జరిగినపుడు లెక్క ఎన్నటికైనను తీరునను కర్మఫలము. మరణమునకు ఆవల మరియొక లోకము. వీనిలో మొదటిదానిని విడిచినవారు మనలో పెక్కురు. కుమారిలభట్టు శ్లోకవార్తికమున సృష్టికర్తను అంగీకరింపలేదు. అయినను ఆయన ఆస్తికులలో అగ్రగణ్యుడే. బౌద్ధులును, జైనులును సృష్టికర్తను కాదనిరి గాని కర్మమును వదలలేదు. మూడు ఊతలను ఒక్కసారి విడిచి నిలిచినవాడు లోకాయతికుడొక్కడే. కావున ప్రశ్న ప్రధానముగా అతనిని గూర్చినదే.

లోకాయతమనగానే సామాన్యులకు స్ఫురించునది నేతిని గూర్చిన ఎత్తిపొడుపు. అంతకంటె విలువైన మాట యొకటి సర్వదర్శనసంగ్రహమున కలదు. మాధవాచార్యుని పేర ప్రసిద్ధమైన ఈ 14వ శతాబ్దపు గ్రంథము చార్వాకదర్శనముతోనే ఆరంభమగును. దుఃఖమును గూర్చి ఆ మతమువారు చెప్పు సమాధానము అచ్చట దొరకుచున్నది. సుఖము దుఃఖముతో కలిసియే వచ్చును గనుక సుఖమునే విడువుమనుట అవివేకమని వారి వాదము. చేపకు పొలుసును, ముల్లును ఉన్నవని చేపను కోరువాడు దానిని పారవేయడు. వడ్లకు పొట్టున్నదని బియ్యమును ఎవడును కాదనడు. జింకలు మేయునని రైతు విత్తుట మానడు. బిచ్చగాండ్రు వత్తురని ఇల్లాలు పొయ్యిపై కుండ పెట్టుట మానదు.

ఈ ఉపమానములు మాకు చాల ఇష్టమైనవి. ఆకాశకుసుమములును, వంధ్యాపుత్రులును నిండిన శాస్త్రచర్చల నడుమ వీనిలో పొలము వాసన, వంటయింటి పొగ తగులుచుండును. పనిచేసి బ్రతుకువారు కల్పించుకొన్న ఉపమానములివి. ప్రతిసంవత్సరము తరగతిలో వీనిని ఉత్సాహముతో బోధించుచు వచ్చితిమి. కొన్నియేండ్ల క్రిందట మా యింట అకాలమరణమొకటి సంభవించెను. పరామర్శింప వచ్చినవారు కర్మమనిరి, ఋణము తీరినదనిరి. ఆ మాటలు మాకు అంటలేదు. అంతకంటె ఆశ్చర్యమేమనగా, మేము పదేండ్లు పాఠము చెప్పిన వడ్లపొట్టును మాకు అంటలేదు. పొట్టును చేటతో చెరిగి పారబోయవచ్చును. పోయిన మనిషి లేమిని బ్రతుకునుండి చెరిగి వేరుచేయు చేట ఏది? పరిశోధనపత్రికలో ఇట్టి సొంతమాటకు చోటు లేదని ఎరుగుదుము. అయినను ఈ వ్యాసమునకు పుట్టుక అచ్చటనే కనుక చెప్పక తప్పలేదు.

న్యాయముగా చూచినచో దోషము లోకాయతికులదే యనరాదు. ఆ వాక్యములను మనకు అందించినవాడు వారిని ఖండింపబోవు వేదాంతి. వారు స్వయముగా వ్రాసికొన్న సూత్రగ్రంథము నిలువలేదు. జయరాశిభట్టు తత్త్వోపప్లవసింహము 1940లో బరోడా ప్రాచ్యగ్రంథమాలలో అచ్చయినపుడు ఆ లోపము తీరునని పండితులు ఆశించిరి. అది పదునైన గ్రంథమే, ప్రమాణములనన్నిటిని కూలద్రోయును. కాని అదియును వాదమే గాని జీవితము కాదు.

ఇక కావ్యములను చూతము. ఇందు మేము సంస్కృతమూలములనే ఆధారముగా గ్రహించితిమి. నన్నయ తిక్కనల తెలుగున ఈ ఘట్టములు ఎంత పెరిగినవి, ఎంత తరిగినవి యనునది వేరొక వ్యాసమునకు తగిన పని.

అయోధ్యాకాండమున జాబాలి యున్నాడు. చిత్రకూటమున భరతుడు రాముని మరలిరమ్మని వేడుచుండగా ఈ బ్రాహ్మణుడు ముందుకు వచ్చి, తండ్రి యెవడు, కొడుకెవడు అని వాదించును. మనుష్యుల సంబంధములు దారిలో ఒక రాత్రి బసచేసిన బాటసారుల కలయిక వంటివనును. శ్రాద్ధమున పెట్టు అన్నము వృథాయనును. ఇచ్చట ఒకడు తిన్నది మరియొకనికి చేరునేని, దూరప్రయాణము పోవువానికి దారిబత్తెము కట్టనక్కరలేదు, ఇంట శ్రాద్ధము పెట్టిన చాలునని పరిహసించును. తర్కముగా ఇది చక్కని మాట. నవ్వు పుట్టించును గూడ.

కాని ఈ మాట ఎవనితో, ఎప్పుడు అనబడినదో చూడవలెను. తండ్రి మరణవార్తను రాముడు విన్నది ఆ చిత్రకూటముననే. మందాకినీతీరమున గారపిండిలో రేగుపండ్లు కలిపి దర్భలపై తండ్రికి పిండము పెట్టినదియు ఆ దినములలోనే. రాజాధిరాజైన దశరథునకు ఈ పిండమా యని కౌసల్య దానిని చూచి విలపించినది. అట్టి చేతితో పిండము పెట్టిన కొడుకు ఎదుట నిలిచి, ఆ యన్నము ఎవనికిని చేరదని జాబాలి చెప్పుచున్నాడు. పిండము దశరథునకు చేరెనో లేదో మేము తీర్పు చెప్పము. పెట్టిన చేతికి మాత్రము అది పనికి వచ్చినది. దుఃఖించువాని చేతికి ఏదో యొక పని కావలెను. మతము దానిని సమకూర్చినది. జాబాలి ఆ పనిని లాగివేసెను గాని, దానికి బదులుగా మరియొక పనిని ఆ చేతిలో పెట్టలేదు. రాజ్యము నేలుకొనుమనెను, అది బదులు కాదు, ప్రలోభము. రాముడు కోపించినంతనే తాను నాస్తికుడను కానని, సమయమును బట్టి అట్లు పలికితినని వెనుకకు తగ్గెను. వసిష్ఠుడును అదే సమర్థించెను. అనగా రామాయణమునందలి ఈ నాస్తికవాదము, చెప్పినవాడే నమ్మనిది.

భారతమున చార్వాకుని కథ ఇంతకంటె విచిత్రము. యుద్ధానంతరము ధర్మరాజు పురప్రవేశము చేయునపుడు వేలకొలది బ్రాహ్మణులు ఆశీర్వదించుచుందురు. వారిలో భిక్షువేషధారియై, జపమాలయు త్రిదండమును ధరించి దుర్యోధనుని మిత్రుడొకడు నిలిచి, జ్ఞాతులను, గురువులను చంపించిన నీకు ఈ రాజ్యమెందుకు, చావు మేలనును. బ్రాహ్మణులు అతనిని గుర్తించి హుంకారముతో దహింతురు. పిడుగు పడిన చెట్టువలె అతడు కూలును. వాడు బదరిలో తపస్సుచేసి బ్రహ్మచేత వరము పొందిన రాక్షసుడని తరువాత కృష్ణుడు వివరించును. తపస్సుచేసి వరము పొందిన నాస్తికుడు! పేరు తప్ప మరేమియు ఇతనియందు చార్వాకము కాదు.

విమర్శకులు ఇంతవరకు గమనించినదే. మేము కలుపదలచినది ఒక్కమాట. అతడు సభలో పలికిన పలుకులలో భోగమును గూర్చి ఒక్కటియు లేదు. పరలోకమును తిరస్కరించు వాక్యమును లేదు. శాంతిపర్వారంభము నుండి ధర్మరాజు తనలో తాను అనుకొనుచు, కర్ణుని తలచి తలచి కుమిలిపోవుచు, తమ్ములతో చెప్పుకొన్న మాటనే ఇతడు పైకి పలికినాడు. కవి రాజు మనస్సులోని దుఃఖమును బయటి మనిషి నోట పెట్టి, ఆ మనిషిని కాల్చివేయించెను. రాజునకు పట్టము కట్టవలెను గదా! దుఃఖము మాత్రము కాలలేదు. కనుకనే ధర్మరాజును ఊరడించుటకు అంత పెద్ద శాంతిపర్వము అవసరమైనది.

ప్రబోధచంద్రోదయమున చార్వాకుడు మహామోహుని చెలికాడు. 11వ శతాబ్దమున కృష్ణమిశ్రుడు రచించిన ఈ నాటకమును 15వ శతాబ్దమున నంది మల్లయ, ఘంట సింగయ తెలుగు కావ్యముగా చేసిరి. ఇందు పాత్రలు చాలవరకు మనోవృత్తులే గనుక మన ప్రశ్న ఇచ్చట పుట్టదు. ముందునకు పోవుదము.

నాస్తిక్యము దుఃఖమునుండి పుట్టి, దుఃఖించు మనిషి నోటనే నిలిచిన ఘట్టమొకటి భారతమున కలదు. అది అరణ్యపర్వమున ద్రౌపదీ యుధిష్ఠిర సంవాదము. సభలో ఈడ్వబడి, అడవిలో నారచీరలు కట్టి, భర్త ధర్మమును వీడకయే సర్వమును కోల్పోవుట చూచిన స్త్రీ ఆమె. ధర్మము తన్ను రక్షించువానిని రక్షించునని పెద్దలవలన విన్నానే, అది నిన్ను రక్షించుటలేదేమని అడుగును. విధాత ప్రాణులను కొయ్యబొమ్మలవలె ఆడించుచున్నాడనును. బాలుడు ఆటవస్తువులతో ఆడుకొన్నట్లు కూర్చుచు చెదరగొట్టుచు నున్నాడనును. తల్లిదండ్రులవలె గాక, కోపించిన పరాయివానివలె ప్రవర్తించుచున్నాడనును. అంతటితో ఆగదు. చేసిన పాపము చేసినవానిని అంటునేని ఈశ్వరుడును దానిచే అంటబడవలెను. అంటబడడేని బలమే కారణము, బలహీనుల కొరకు దుఃఖింతునని ముగించును. జాబాలి తర్కమునకు అందని లోతు ఈ మాటలకు కలదు. అన్యాయమును గూర్చి మన వాఙ్మయమున ఇంత సూటియైన ప్రశ్న మరియొకటి అరుదు.

ధర్మరాజు దీనిని నాస్తిక్యమనెను. కాని ఆయన సమాధానములో మొదటి భాగము గమనింపదగినది. తాను ఫలమును కోరి ధర్మమును ఆచరించుటలేదనెను. ఈయవలెను గనుక ఇచ్చుచున్నాననెను. ధర్మమును పాలకొరకు పిదుకువాడు ధర్మమునకు వర్తకుడు, అధముడని నిందించెను. ఇచ్చటనే ఆగియుండినచో ఆ సమాధానము అపూర్వమైనదిగా నుండెడిది. ఏలయన, ఫలమును కోరని ధర్మమునకు ఫలమిచ్చు ఈశ్వరుని అవసరమేమి? అట్టివాడు మూడు ఊతలును లేకయే నడువగలవాడు. కాని ధర్మరాజు ఆగలేదు. ధర్మమునకు ఫలము తప్పక కలదని, ఋషులే సాక్షులని, ఫలము లేనిచో లోకము చీకటిలో మునుగునని మరల నమ్మిక లోనికి వచ్చెను. మొదటి వాక్యమున తాను త్రోసిన కఱ్ఱనే తరువాతి వాక్యమున చేతబట్టెను. ఆ చేతిని మేము నిందింపము. అది అలసిన చేయి.

దానికి ద్రౌపది యిచ్చిన బదులు ఈ వ్యాసమునకు కీలకము. తాను ధర్మమును నిందించుటలేదని, ఆర్తురాలనై ప్రలపించుచున్నానని ఎరుగుమని, ఇంకను ప్రలపింతునని ఆమె చెప్పును. ఆ ప్రలాపము దేనిని గూర్చి? కర్మను, అనగా చేతితో చేయు పనిని గూర్చి. పుట్టిన ప్రాణి పనిచేయక బ్రతుకలేదనియు, రైతు దున్ని విత్తిన పిమ్మట వాన రానిచో అది వాని తప్పు కాదనియు, దున్నకుండుట మాత్రము తప్పేననియు ఆమె వాదము. ఈ నీతిని తన పుట్టింట బసచేసిన బ్రాహ్మణుడు అన్నలకు చెప్పుచుండగా తండ్రి తొడపై కూర్చుండి వింటినని, అది బృహస్పతి చెప్పిన నీతియని ఆమె తెలుపును. లోకాయతమునకు మూలపురుషుడుగా చెప్పబడువాని పేరును బృహస్పతియే. దీనివలన ద్రౌపది లోకాయతికురాలని నిరూపింపబూనుట సాహసము. పేరు ఒక్కటియైనంత మాత్రమున మతము ఒక్కటి కాదు. పొలము ఉపమానము రెండుచోట్లను వచ్చుట మాత్రము మరువరానిది.

మన సంప్రదాయము నమ్మికలేని మాటను ఎట్లు భరించినదో ఇప్పుడు స్పష్టమగుచున్నది. అది విలాపమైనచో క్షమించినది. సిద్ధాంతమైనచో దహించినది. ఉపాయమైనచో ఉపసంహరింపజేసినది. ఒక మనిషి దానిని నమ్మి, దానితో బ్రతికి, దానితోనే సంతోషముగా మరణించుటను మాత్రము చూపలేదు. కావున నాస్తికునకు సుఖము లేదని మన కావ్యములు చెప్పుచున్నవను ప్రచారమునకు ఆధారము లేదు. అవి ఆ ప్రశ్ననే అడుగలేదు.

అడిగిన దేశమొకటి కలదు గనుక పోలికకై అటు చూచుట తగును. క్రీస్తుపూర్వము 270లో ఏథెన్సున మరణించిన ఎపిక్యూరసు కేవలము నాస్తికుడు కాడు. దేవతలు ఉన్నారు గాని మన జోలికి రారని అతని మతము. మనకు అంతరము లేదు. ఊతలు మూడును అతనికి లేనివే. అతడు మూత్రము బంధించి పదునాలుగు దినములు బాధపడి చనిపోయెను. ఆ చివరిదినమున మిత్రునకు వ్రాసిన చిన్న ఉత్తరమును డయోజెనీసు లేర్షియసు తన పదియవ సంపుటమున భద్రపరచినాడు. తన బ్రతుకున ఇది కడపటిదియు, ధన్యమైనదియు నగు దినమని అతడు చెప్పుచున్నాడు. నొప్పి మిక్కుటముగా నున్నదని దాచక చెప్పుచున్నాడు. ఆ నొప్పి కెదురుగా, మిత్రులతో గడపిన సంభాషణల స్మరణానందము నిలిచినదనుచున్నాడు. పిమ్మట, తనకంటె ముందు పోయిన శిష్యుడు మెట్రోడోరసు బిడ్డలను కనిపెట్టి చూడుమని కోరుచున్నాడు. అంతే.

పొట్టు, బియ్యము అను లెక్క ఇచ్చట లేదు. నొప్పి వేరుచేయబడలేదు, నొప్పి యుండగనే ఆనందము కలదు. చేతికి పనియు కలదు, పోయినవాని బిడ్డలను పెంచుట. సిసిరో ఈ ఉత్తరమును తన గ్రంథమున ఉదహరించి, ఇది గొప్ప మరణమే గాని ఎపిక్యూరసు సిద్ధాంతమునకు విరుద్ధము, సుఖమే పరమార్థమన్నవానికి పరుల బిడ్డల చింత ఏల యని వాదించెను. మనిషి తన మతముకంటె గొప్పవాడని అతని తీర్పు. ప్రతిపక్షి యిచ్చిన ఈ యోగ్యతాపత్రము మాకు మిక్కిలి విలువైనదిగా తోచుచున్నది. మన చార్వాకునకు ఇట్టి ప్రతిపక్షి దొరకలేదు. దొరికియుండినచో అతడు ఎట్లు చనిపోయెనో మనకు తెలిసియుండెడిది.

తెలుగున ఈ ప్రశ్న మనిషి రూపమున వచ్చినది 20వ శతాబ్దముననే. గోపీచంద్ అసమర్థుని జీవయాత్రను 1940వ దశకమున రచించెను. ఎందుకని అడుగుట నేర్పిన తండ్రికి ఆ నవలను అంకితమిచ్చెను. ఆ తండ్రి హేతువాదిగా ప్రసిద్ధుడైన త్రిపురనేని రామస్వామి చౌదరి. అంకితమును చదివి పుటలు త్రిప్పినవాడు ప్రశ్న విజయమును చూడగోరును. చూచునది సీతారామారావు పతనము. వంశప్రతిష్ఠ అను పాత ఊత విరిగినది, కొత్తది పట్టుకొనలేదు, ప్రశ్నలు మాత్రము తేనెటీగలవలె ముసరినవి. తుదకు శ్మశానమున అతని కథ ముగియును. నమ్మిక పోయిన మనిషి గతి ఇట్టిదేయని దీనిని దృష్టాంతముగా చూపువారు కలరు. మేము అంగీకరింపము. సీతారామారావు దైవమును కోల్పోయి చెడలేదు. ఇతరులతో నుండవలసిన సంబంధమును కోల్పోయి చెడినాడు. భార్యను మనిషిగా చూడలేడు, పనిలో చేయి పెట్టలేడు. ఆలోచన అతనికి పనికి బదులైనది. అదే నవలలో రామయ్యతాత యున్నాడు. ఆ ప్రశ్నలనే ఎదుర్కొని, వానితో స్థిమితముగా బ్రతుకుచున్న వృద్ధుడు. నవలాకారుడు సుఖియైన ప్రశ్నాశీలుని ప్రక్కపాత్రగా నిలిపి, చెడినవానిని నాయకుని చేసెను. ఇది కళాదృష్టిలో సరియేయగును. కాని తాత ఆ స్థిమితమును ఎట్లు సంపాదించెనో నవల చెప్పదు. మా ప్రశ్నకు కావలసినది సరిగా ఆ చెప్పని యధ్యాయమే.

గోపీచంద్ పిమ్మట అరవిందుల వైపు మొగ్గెను. చలము 1950లో తిరువణ్ణామలై చేరి 1979లో మరణించువరకు అచ్చటనే యుండెను. ఇంతటివారును తుదకు ఆశ్రమముల నీడకు పోవుట నాస్తిక్యము వార్ధక్యమున నిలువదనుటకు సాక్ష్యమని ఉపన్యాసవేదికలపై తరచుగా వినబడుచుండును. ఇద్దరి పయనమును ఒక మతము యొక్క ఓటమిగా లెక్కించినచో, మరలక నిలిచినవారిని గూడ లెక్కింపవలెను. కొడవటిగంటి కుటుంబరావు 1980లో మరణించువరకు భౌతికవాదిగనే వ్రాసెను. గోరా సంగతి చెప్పనక్కరలేదు.

గోపరాజు రామచంద్రరావు, అనగా గోరా, 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించెను. 1947లో అది విజయవాడకు మారెను. గాంధితో తన సంభాషణలను ఆయన ఆంగ్లమున 1951లో గ్రంథముగా ప్రకటించెను. అందలి వాదమొకటి ప్రసిద్ధము. 1943 వంగక్షామమున కలకత్తా వీథులలో, మిఠాయి అంగళ్ల యెదుటనే జనులు ఆకలితో చనిపోవుట చూచి, కర్మమునందలి నమ్మికయే వారిని చేయిచాచి తీసికొననీయలేదని ఆయన నిశ్చయించెను. ఆవేదన సత్యము. హేతువు సరిపోదు. అమర్త్యసేన్ 1981లో ఆ క్షామమును గూర్చి వివరించినట్లు, ధాన్యమున్నను కొనగల శక్తి కూలీలకు నశించుట ఆ చావులకు మూలము. ఎండిన శరీరము తిరుగబడకుండుటకు కర్మసిద్ధాంతము అక్కరలేదు. నాస్తికులు గూడ ఒక్కొక్కప్పుడు లోకమునందలి సర్వదుఃఖమును ఒకే కారణమున మోపుదురు. అది వారు విడిచిన మతముల అలవాటే.

ఆ గ్రంథమున వాదములకంటె మమ్ము కదలించినది కడపటి భాగము. గోరా తన కుమార్తెకు అస్పృశ్యులుగా ఎంచబడిన కులమున పుట్టిన యువకునితో వివాహము నిశ్చయించెను. సేవాగ్రామమున తానే జరిపింతునని గాంధి ఒప్పుకొనెను. వధూవరుల పక్షము నాస్తికులు గనుక దైవము పేరు గల చోట సత్యమను మాటను ఉంచుటకును సమ్మతించెను. 1948 జనవరి 30న గాంధి హతుడయ్యెను. ఆ వివాహము ఆ మార్చిలో సేవాగ్రామముననే జరిగినది. గాంధి ఏ లోకమునకును పోయెనని గోరా నమ్మడు. ఆ మరణమునకు న్యాయమున్నదనియు నమ్మడు. పోయినవాడు ఒప్పుకొన్న పని మిగిలినది, చేసెను. మందాకినీతీరపు పిండమునకు నాస్తికుని చేతిలో బదులేదని మేము పైన అడిగియుంటిమి. ఇట్టిది బదులు కావచ్చును. దశరథుడు తనకు ఒప్పించిన మాటను రాముడు నెరవేర్చుటయు దీనికి చాల దూరమైనది కాదు.

తిరిగి భారతమునకే వచ్చి ముగింతుము. ద్రౌపదిని నాస్తికురాలన్న ధర్మరాజు స్వర్గారోహణపర్వమున స్వర్గమునకు పోయి, అచ్చట దుర్యోధనుడు శోభాయమానుడై కూర్చుండుట చూచును. తనవారెక్కడ యని అడిగి, దేవదూత వెంట దుర్గంధమును, చీకటియు నిండిన త్రోవను నడచును. సహింపలేక మరలబోవగా చీకటినుండి కంఠములు వినబడును. క్షణకాలము నిలువుమని, అతని మేనిగాలి తమకు హాయి గూర్చుచున్నదని అవి వేడును. మీరెవరని అడుగగా కర్ణుడు, భీముడు, అర్జునుడు, నకులుడు, సహదేవుడు, ద్రౌపది, ఆమె కొడుకులు తమ తమ పేరులు చెప్పుదురు.

అప్పుడు ధర్మరాజు దేవతలను నిందించెను. ధర్మమును సైతము నిందించెను. అరణ్యమున ఏ మాటకై భార్యను మందలించెనో ఆ మాటనే తాను పలికెను. ఇది మాయయని, పరీక్షయని కవి తరువాత చెప్పుట నిజమే. ఆ తరువాతి మాట ఆ క్షణమున ధర్మరాజునకు తెలియదు. అతనికి తెలిసినంతవరకు ధర్మమునకు ఫలము లేదు. స్వర్గము అన్యాయమునకు నిలయము. దేవతలు నమ్మదగినవారు కారు. చనిపోయినవారికి ఎదురుచూచునది చీకటి. మూడు ఊతలును ఇంతగా విరిగిన మనిషి మన వాఙ్మయమున మరియొకడు లేడు. చార్వాకుడు వానిని వాదమున విరిచెను. ఇతనికి అవి కాలిక్రింద విరిగినవి.

అతడు చేసినది వాదము కాదు, విలాపమును కాదు. దూతను పొమ్మనెను. తాను ఆ చోటు విడిచి రాననెను. దానికి అతడు చెప్పిన కారణమున, అంతటి నరకమధ్యమున, మూలకవి సుఖమను పదమును ఉపయోగించెను: తాను నిలిచియుండుటవలన ఈ తమ్ములు సుఖముగా నున్నారని. అది స్వర్గసుఖము కాదు, నేతిసుఖమును కాదు. ఒకని గాలి మరియొకనికి తగులుట. ఏథెన్సు రోగి తన నొప్పిలో మిత్రుల మాటలను తలచుకొన్నదియు, సేవాగ్రామమున శోకము ఆరకమునుపే పెండ్లిపందిరి వేసినదియు ఈ సుఖమునకు చుట్టములే.

పరిశోధకవిద్యార్థులు తిక్కన స్వర్గారోహణపర్వమున ఈ ఘట్టమును మూలముతో పంక్తి పంక్తికి పోల్చిచూడవలెనని మా కోరిక. ధర్మనిందను తిక్కన ఎంత తగ్గించెను, సుఖశబ్దమును ఎక్కడ నిలిపెను, దూత మరలిపోవుటకును ఇంద్రుడు వచ్చుటకును నడుమనున్న ఆ ముహూర్తమునకు ఎంత చోటిచ్చెను అను మూడు విషయములపై వారి దృష్టి నిలువవలెను. మూలమున ఆ ముహూర్తము మిక్కిలి చిన్నది. దూత ఇంద్రునికడకు పోయి ధర్మరాజు అన్న మాటలను విన్నవించును. అంతవరకు రాజు చీకటిలో తనవారికడ నిలిచియుండును.